ఉద్యోగం సంగతి ఎటూ తేలని రోజుల్లో మనసునూ పనినీ నిలబెట్టుకోవడం ఎలా?

మార్చి నెల వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడప ఆఫీసుల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "ఈసారి రెన్యువల్ వస్తుందంటావా?" కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగ్ మీద పని చేసేవాళ్లలో చాలామందికి మార్చి 31తో గడువు ముగుస్తుంది. ఉత్తర్వులు మాత్రం ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. ప్రైవేటు స్కూలు టీచర్లకు ఈ గుబులు జూన్‌లో, అడ్మిషన్ల లెక్క తేలేటప్పుడు మొదలవుతుంది. పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు తయారుచేసే యూనిట్లలో ఓవర్‌టైమ్ ఆగిన రోజు, రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు ఆర్డర్లు పల్చబడిన వారం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లోడింగ్ కాంట్రాక్టరు మారిన నెల కూడా ఇంతే. పర్మినెంటు ఉద్యోగులకూ ఇది తప్పదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నంద్యాలకు వేస్తారా, పుట్టపర్తికి వేస్తారా, పిల్లల స్కూలు మార్చాలా, అద్దె ఇల్లు ఉంచుకోవాలా ఖాళీ చేయాలా అని ఎన్ని కుటుంబాలు సతమతమయ్యాయో మనందరం చూశాం.

అలాంటి రోజుల్లో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. "ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అని చెప్పేవాళ్లు మీ చుట్టూ చాలామందే ఉంటారు. ఆ మాటతో రాత్రి నిద్ర పట్టదని మీకూ తెలుసు. ఏం చేస్తే కాస్త నిలదొక్కుకుంటారో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఒక విషయం తెలుసుకోండి. చెడ్డ వార్త కన్నా తేలని వార్తే మనిషిని ఎక్కువ నలుపుతుంది. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో కంప్యూటర్ మీద ఒక ఆట ఆడించారు. తెర మీద రాళ్లు కనిపిస్తాయి, ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేలా చిన్న కరెంటు షాక్ తగులుతుంది. చెమట, కంటిపాప కొలిచి చూస్తే, షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు తగలకపోవచ్చు అని సగం సగం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది. కాబట్టి ఉద్యోగం పోయిన మీ స్నేహితుడి కన్నా, ఇంకా పోని మీరే ఎక్కువ నలిగిపోతుంటే అది మీ పిరికితనం కాదు. మనిషి మెదడు పనిచేసే తీరే అంత.

అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. నాకు అదే ముఖ్యంగా అనిపిస్తుంది. తెలియనితనం పెరిగినప్పుడు ఒత్తిడి పెరిగి, తగ్గినప్పుడు తగ్గినవాళ్లు, ఏ రాయి కింద పాముందో మిగతావాళ్ల కన్నా బాగా పసిగట్టారు. అంటే ఆందోళన ఊరికే రాదు. ఫలానా చోట నీకు సమాచారం లేదు, అక్కడ చూసుకో అని చెప్పడానికి వస్తుంది. 1990లో భావోద్వేగ ప్రజ్ఞ, అదే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి రాసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ చెప్పింది కూడా దాదాపు ఇదే: మన భావాలనూ ఎదుటివాళ్ల భావాలనూ గమనించడం, వాటిలో ఏది ఏదో తేడా పట్టడం, ఆ సమాచారాన్ని ఆలోచనకూ పనికీ వాడుకోవడం. నవ్వుతూ ఉండటం, కోపం దిగమింగుకోవడం ఇందులో ఎక్కడా లేవు. మనసులో పుట్టిన గుబులును ఒక కబురులా తీసుకుని, అది దేని గురించో కనిపెట్టి, దాన్ని తీర్చే పని చేయాలి. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

మొదట ఒళ్లు

అన్నం సహించడం లేదా? తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదా? మేనేజర్ నంబరు నుంచి ఫోన్ వస్తే కడుపులో తిప్పుతోందా? మనసు కన్నా ముందు ఒళ్లు చెబుతుంది. ఆ స్థితిలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. కుర్చీలో నిటారుగా కూర్చుని ఊపిరి మామూలుగా తీసుకుని, దానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చాలు. బయటికి వదిలే శ్వాస పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి. పొద్దున ఎండ ఎక్కకముందే కాసేపు నడవండి. ఇవన్నీ మీరు విన్నవే కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి దారికి రాకపోతే, బతుకు మీద విరక్తి మాటలు మనసులోకి వస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. జ్వరానికి పోయినట్టే పోవాలి. ఎవరేమనుకుంటారో అని ఆగకండి.

టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు

మనం అన్నింటికీ టెన్షన్ అనేస్తాం. టెన్షన్ అన్నారంటే లోపల ఏముందో ఇంకా చూసుకోలేదన్నమాట. భయమా? ఎవరికైనా చెప్పుకుంటే చిన్నతనమని నామోషీయా? ఇన్నేళ్లు చేశాక కూడా ఒక్క మాట చెప్పలేదే అన్న ఉక్రోషమా? పక్కవాడికి ముందే తెలిసింది నాకు తెలియలేదన్న అసూయా? ఇంట్లోవాళ్లకు ఏం సమాధానం చెప్పాలన్న దిగులా? ఒక్కోదానికి ఒక్కో మందు ఉంటుంది. భయానికి సమాచారం కావాలి. అవమానానికి మాట్లాడటం కావాలి. దిగులుకు తోడు కావాలి. అన్నింటినీ టెన్షన్ అని ఒకే గంపలో వేస్తే ఏ మందు వేయాలో తెలియదు.

2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక పరీక్ష చేసింది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నారు. పేరు చెప్పినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం ఉధృతి తగ్గింది. అందుకే "నాకు ఫలానాగా ఉంది" అని మనసులో అనుకోవడమైనా, కాగితం మీద రాయడమైనా ఊరికే పోదు.

కర్నూలులో ఒక కార్యాలయంలో ఏజెన్సీ ద్వారా చేరిన కంప్యూటర్ ఆపరేటర్ ఒకావిడ నాకు తెలుసు. మార్చి ఆఖరి వారం. పొడిగింపు ఉత్తర్వు రాలేదు. సెక్షన్ సూపరింటెండెంట్‌తో మాట్లాడటం మానేసింది, ఇంట్లో పిల్లల మీద అరుస్తోంది, ఒక ఫైలు తప్పుగా ఎక్కించింది. ఉద్యోగం పోతుందన్న భయమే అనుకుంది. కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చి, ఏముందో అన్నీ రాయమంటే ఆమె మొదట రాసిన వాక్యం: "ఆరేళ్లుగా చేస్తున్నా, ఒక్కరూ పిలిచి చెప్పలేదు." అది భయం కాదు, చిన్నబుచ్చుకోవడం. అది తెలియకుండా ఆమె సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లి ఉంటే గొడవ అయ్యేది. తెలిశాక వెళ్లి ఏం మాట్లాడిందో కింద చెబుతాను.

కాగితాన్ని మూడు భాగాలు చేయండి

నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని నిలువుగా రెండు గీతలు గీయండి. మొదటి భాగంలో తెలిసినవి, రెండో దాంట్లో విన్నవి, మూడో దాంట్లో మీరు ఊహించుకున్నవి రాయండి. తెలిసినవి అంటే కాగితం మీద ఉన్నవి, సంబంధిత అధికారి స్వయంగా చెప్పినవి మాత్రమే. "అందరూ అంటున్నారు" అనేది రెండో భాగంలోకే పోవాలి, ఎంతమంది అన్నా సరే. "ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు" మూడో భాగంలోకి పోవాలి. అది ఎంత నిజంలా అనిపించినా సరే.

నేను చాలామందితో ఈ పేజీ రాయించాను. ప్రతిసారీ ఒకటే చూస్తాను. మొదటి భాగంలో మూడు నాలుగు లైన్లు ఉంటాయి, మూడో భాగం పేజీ కింది దాకా పోతుంది. రాసినవాళ్లు తామే అది చూసి కాసేపు ఏం మాట్లాడరు. బండరాయిలా గుండెల మీద కూర్చున్నదాంట్లో ఎక్కువ భాగం తాము కల్పించుకున్నదేనని కళ్లకు కనబడుతుంది. కానీ ఊహలను కొట్టిపారేయకండి, కొన్ని నిజం కావచ్చు. రెండు, మూడు భాగాల్లో ఉన్న ప్రతి వాక్యం పక్కన ఇంకో రెండు ముక్కలు రాయండి: ఇది నిజంగా ఎవరికి తెలుసు? ఎప్పటికి తేలుతుంది? ఈ రెండింటికీ జవాబు దొరికిన వాక్యం ప్రశ్నగా మారుతుంది. దొరకనిది కొన్నాళ్లు అలాగే ఉంటుంది. దాన్ని రోజూ కెలకాల్సిన పనిలేదు.

జవాబు మీ చేతిలోనే ఉండే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. కంపెనీ దివాలా తీస్తోందట, పీఎఫ్ కూడా కట్టడం లేదట అని వింటారు. యజమాని ప్రతి నెల పీఎఫ్ వాటాను మరుసటి నెల 15వ తేదీలోపు జమ చేయాలి. ఉమంగ్ యాప్‌లో మీ పాస్‌బుక్ తెరిస్తే కట్టారో లేదో మీ కళ్లతోనే చూసుకోవచ్చు. చూసుకున్నాక ఆ వాక్యాన్ని రెండో భాగంలో కొట్టేసి మొదటి భాగంలో రాయండి, మంచైనా చెడైనా.

అడగడం

మన వైపు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అడిగితే లోకువ అవుతామని ఒక భయం, అడిగితే మన పేరే ముందు కొట్టేస్తారని ఇంకో భయం. అడిగే తీరు తెలిస్తే రెండూ అక్కర్లేదు.

ఎవరిని అడగాలో ముందు తేల్చుకోండి. ఎప్పుడూ చేతికి అందే టీ కొట్టు మిత్రుడిని అడిగితే మీకు దొరికేది ఇంకో ఊహ. ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో, జాబితా ఎవరు తయారుచేస్తారో వాళ్లనే అడగాలి. ఎప్పుడు అడగాలి? పొద్దున్నే మీటింగుకు పరుగెత్తే వేళ కాదు, పదిమంది ముందు అసలు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గదిలో ఇంకెవరూ లేనప్పుడు. "సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని అడిగి, ఆయన సరే అంటేనే కూర్చోండి.

ఏం అడగాలి అన్నది అన్నింటికన్నా ముఖ్యం. "మా ఉద్యోగాలు ఉంటాయా పోతాయా సార్?" అని అడిగితే ఆయనకూ తెలియదు కాబట్టి తప్పించుకుంటాడు. ఆ తప్పించుకోవడం చూసి మీరు పోతాయనే అనుకుంటారు. ఆయనకు తెలిసి ఉండే చిన్న ప్రశ్న అడగండి. కర్నూలు ఆపరేటర్ అడిగింది ఇది: "సార్, మా పొడిగింపు ఫైలు ఇప్పుడు ఏ దశలో ఉంది? ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి నేను రావాలా, ఆగాలా?" ఆయన తల ఎత్తి చూసి అన్నాడు: "ఫైలు పైకి పోయిందమ్మా, ఆర్డరు రాలేదు. నువ్వు మాత్రం రా, రిజిస్టర్‌లో సంతకం పెట్టు. జీతం ఒకట్రెండు నెలలు లేటవుతుంది, అది చూసుకో." ఆమె ఇంకో మాట కూడా అంది: "మాకెవరూ చెప్పకపోయేసరికి మనసు బాధపడింది సార్. ఇకనుంచి ఏదైనా తెలిస్తే ఒక్క మాట చెప్పండి." గొంతు పెంచలేదు, నిందించలేదు. ఆయన సరేనమ్మా అన్నాడు.

చూడండి, ఉద్యోగం ఉంటుందని ఆయన హామీ ఇవ్వలేదు. అయినా ఆమె ముందున్న సమస్య ఆకారం మారిపోయింది. "ఉద్యోగం పోతే ఎలా" అన్నది "రెండు నెలలు జీతం ఆలస్యమైతే ఎలా" అయింది. రెండో దానికి ఆమె ఆ సాయంత్రమే లెక్క వేసుకోగలిగింది, ఇంటి ఓనరుతో మాట్లాడగలిగింది.

జవాబు చెప్పేటప్పుడు ఆయన ముఖం కూడా చూడండి. ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది, చెప్పకూడని విషయాలు ఉంటాయి. చెప్పలేకపోతున్నాడని మీకనిపిస్తే గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఎప్పటికి తెలుస్తుందో అదొక్కటి చెప్పండి సార్, ఆ రోజు మళ్లీ వస్తాను" అనండి. చాలాసార్లు ఆ తేదీ అయినా దొరుకుతుంది.

వాట్సాప్ గ్రూపు, బస్సు, టీ కొట్టు

అనంతపురం నుంచి పెనుకొండ వైపు షిఫ్టుకు పోయే బస్సులో ఒక అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మా లైను ఎత్తేస్తాండారంట."

"ఎవరు చెప్పినారప్పా?"

"బస్సులో అనుకుంటాండారు. ఓటీ కూడా ఆపేసినారు."

ఓవర్‌టైమ్ ఆపింది నిజం. లైను ఎత్తేస్తున్నారన్నది బస్సులో పుట్టింది. ఒక నిజం పక్కన ఒక ఊహను అంటిస్తే రెండూ నిజంలాగే కనబడతాయి, పుకారుకు బలం అక్కడే వస్తుంది. ఓవర్‌టైమ్ ఆగడానికి విడిభాగాలు రాకపోవడం, కొత్త మోడల్‌కు లైను మార్చడం, ఆర్డరు తగ్గడం ఇలా కారణాలు అనేకం ఉంటాయి. ఏది అన్నది సూపర్‌వైజరును అడిగితే తెలిసే విషయం.

గ్రూపులో ఏదైనా వస్తే ముందుకు పంపకండి. "ఇది ఎవరు చెప్పారు? కాగితం ఉందా?" అని మాత్రం మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో గ్రూపు ఎంత చప్పబడుతుందో చూస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గ్రూపు తెరవడం అలవాటు చేసుకోండి, రాత్రి తొమ్మిది దాటాక వద్దే వద్దు. పడుకునే ముందు చదివిన పుకారు తెల్లవార్లూ తోడుంటుంది.

టీ కొట్టు దగ్గరకు పోవడం మానమని చెప్పను. అక్కడ దొరికే ఓదార్పు అవసరమే. "నాకూ అట్లే ఉందన్నా" అని పక్కవాడు అంటే మనసు తేలికపడుతుంది. కబురు కోసం మాత్రం అక్కడికి పోకండి.

కోపంలో రాసిన మెసేజ్

ఆ బస్సు అబ్బాయి రాజీనామా మెసేజ్ టైపు చేసి పెట్టుకున్నాడు. వాళ్లు తీసేసేలోపు నేనే మానేస్తానన్న పౌరుషం అది. మన సీమలో ఈ పౌరుషం ఎక్కువే. అది మంచి గుణమే, కానీ నెల జీతం మీద బతికే ఇంట్లో దానికి ఒక రాత్రి గడువు ఇవ్వాలి. రాయాలనిపించింది రాయండి, పంపొద్దు. మీ నంబరుకే పంపుకోండి. మర్నాడు స్నానం చేసి, టిఫిన్ తిన్నాక మళ్లీ చదవండి. అప్పటికీ పంపాలనిపిస్తే, అందులో ఎదుటివాళ్లను అన్న మాటలు తీసేసి మీకు కావలసినది మాత్రం ఉంచి పంపండి. రాజీనామా అయితే ఇంకో చోట చేరే కాగితం చేతికి వచ్చాకే.

ఇలా అయితే ఇలా

అనంతపురం రైతును చూడండి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆకాశం వైపు చూస్తూ ఊరకే కూర్చోడు. ఎండాకాలంలోనే దుక్కి దున్ని, విత్తనం వలిచి సిద్ధంగా పెట్టుకుంటాడు, శెనక్కాయ సాళ్ల మధ్య కంది సాళ్లు వేస్తాడు. శెనక్కాయ దెబ్బతిన్నా, వేరు లోతుకు పోయే కంది ఎంతో కొంత చేతికొస్తుందని. వాన గురించి ఆయనకు మనకన్నా ఎక్కువేం తెలియదు, కానీ వాన వస్తే ఏం చేయాలో, రాకపోతే ఏం చేయాలో ముందే తేల్చుకుని ఉంటాడు.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో దీని గురించే రాశాడు. "జాగ్రత్తగా ఉంటాను" అని అనుకోవడం కన్నా, "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు దాన్ని చేసి తీరే అవకాశం ఎక్కువ. మీరూ అలాగే రాసుకోండి. "ఏప్రిల్ 30 లోపు జీతం పడకపోతే, చీటీ కంతు గురించి చీటీ నడిపే ఆమెతో ముందే మాట్లాడతాను." "జాబితాలో పేరు లేకపోతే, ఆ వారంలోనే ఫలానా ముగ్గురికి ఫోన్ చేస్తాను." ఆ ముగ్గురి పేర్లు కూడా ఇప్పుడే రాయండి.

ఒక ఆదివారం కూర్చుని నెల ఖర్చు రాయండి. అద్దె, బియ్యం, కరెంటు, గ్యాసు, స్కూలు ఫీజు, బంగారం లోను వడ్డీ, చీటీ, అమ్మానాన్నల మందులు. జీతం రాకపోతే వీటిలో ఏది ఎన్నాళ్లు ఆగగలదో పక్కన రాయండి. విషయం తేలేదాకా కొత్త ఈఎంఐ, కొత్త చీటీ పెట్టుకోవద్దు. ఎవరికైనా హామీ సంతకమూ పెట్టొద్దు, బావమరిది అడిగినా సరే.

కాగితాలు సర్దుకోవడం ఇంకా ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు ఒకచోట పెట్టండి. పీఎఫ్‌లో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మన దగ్గర మామూలే. తేడా ఉంటే ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోండి. మానేశాక సంతకం కోసం పాత కంపెనీ చుట్టూ తిరగడం చాలా కష్టం. నామినీ పేరు కూడా ఎక్కించండి. ఈ పనులు చేసిన రోజు రాత్రి కాస్త నిద్ర పడుతుంది, చేసి చూడండి.

ఇంట్లో చెప్పడం

మగవాళ్లలో చాలామంది దీన్ని దాస్తారు. భార్య భయపడుతుందని, నాన్నకు బీపీ అని. కానీ ఇంట్లోవాళ్లకు తెలియకుండా పోదు. రోజూ రెండు ముద్దల సంగటి అడిగేవాడు ఒక ముద్దకే చేయి కడుక్కుంటే, ఫోన్ పట్టుకుని మిద్దె మీదికి పోతుంటే, ఆమెకు ఏదో ఉందని అర్థమవుతుంది. ఏముందో తెలియక ఇంకా ఘోరమైనవి ఊహించుకుంటుంది. ఆఫీసులో మీరు పడుతున్న బాధనే ఇంట్లో ఆమె కూడా పడేలా చేస్తున్నారు.

చెప్పేటప్పుడు ఆ మూడు భాగాల పేజీలో మొదటి భాగం నుంచి మొదలుపెట్టండి. "మార్చితో గడువు అయిపోతుంది. ఫైలు పైకి పోయింది. రెండు నెలలు జీతం ఆలస్యం కావొచ్చు. మన దగ్గర ఇంత ఉంది. నాకు లోపల భయంగానే ఉంది." ఆ ఆఖరి వాక్యం వదలొద్దు. దాంతోనే ఆమె మీ పక్కకు వస్తుంది. ఆ తర్వాత ఆమె ఏమంటుందో వినండి. కోపమొచ్చి "అప్పుడే చెప్పుంటే ఆ చీర కొనేదాన్నా" అన్నా వాదించొద్దు. అందులో ఉన్నదీ భయమే. ఖర్చు లెక్క ఇద్దరూ కలిసే వేయండి. అమ్మానాన్నలకు అంతా చెప్పనక్కర్లేదు గానీ అబద్ధం మాత్రం చెప్పొద్దు. పిల్లలకు ఎంత చెప్పాలో వాళ్ల వయసు చూసి మీరే తేల్చుకోండి. ఇంట్లో అరుపులకు కారణం వాళ్లు కాదన్న సంగతి మాత్రం చిన్నపిల్లలకైనా చెప్పాలి.

మీ కింద నలుగురు ఉంటే

సూపర్‌వైజరో, హెడ్‌మాస్టరో, మేనేజరో అయితే మీ పని ఇంకా బరువు. మీకూ తెలియదు, వాళ్లు మీ ముఖమే చూస్తుంటారు. చాలామంది అప్పుడు గదిలోంచి బయటికి రావడం తగ్గిస్తారు. చెప్పడానికేం లేనప్పుడు ఎందుకు కనబడటం అనుకుంటారు. మీరు కనబడని ప్రతి రోజూ వాళ్లు ఒక కథ అల్లుకుంటారు.

కాబట్టి తెలియదని చెప్పడం నేర్చుకోవాలి. ఉత్త "నాకు తెలియదు" అంటే చాలదు. ఏది తెలుసు, ఏది తెలియదు, తెలియనిది ఎవరు తేలుస్తారు, మళ్లీ ఎప్పుడు వచ్చి చెబుతారు, ఈ నాలుగూ చెప్పండి. "అడ్మిషన్లు తగ్గింది నిజం. ఎన్ని సెక్షన్లు ఉంటాయో యాజమాన్యం ఇంకా చెప్పలేదు. శుక్రవారం నాకు మీటింగు ఉంది. శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి ఏమైందో చెబుతాను, ఏమీ తేలకపోయినా వస్తాను." ఆ శనివారం తప్పకుండా పోండి. ఏమీ తేలలేదని చెప్పడానికైనా పోండి. ఆ ఒక్క మాట నిలబెట్టుకుంటే తర్వాత మీరేం చెప్పినా నమ్ముతారు.

మాట్లాడేటప్పుడు ఒక్కొక్కరి మీదా ఒక కన్ను ఉంచండి. ఎప్పుడూ ప్రశ్నలు వేసేవాళ్లు సడన్‌గా గమ్మున ఉండిపోతే, నవ్వుతూ తిరిగేవాళ్లు క్యారియర్ తీసుకుని ఒంటరిగా కూర్చుంటే, వాళ్లను పక్కకు పిలిచి పలకరించండి. "ఏమ్మా, రెండ్రోజులుగా నీరసంగా ఉన్నావ్, ఇల్లంతా బాగేనా?" అంటే చాలు. సలహా వెంటనే ఇవ్వకండి, చెప్పనివ్వండి. ఉద్యోగం ఉంటుందని ఉత్తుత్తి ధైర్యం మాత్రం ఇవ్వొద్దు. ఆ మాట నమ్మి అప్పు చేసినవాళ్లు ఉంటారు.

సంగతి తేలిన రోజు

చెడు కబురే అయితే, ఆ క్షణంలో ముందు పెట్టిన ఏ కాగితం మీదా సంతకం చేయకండి. "చదువుకుని రేపు ఇస్తాను, ఒక కాపీ ఇవ్వండి" అని నెమ్మదిగా అనండి. వాళ్లు తీసేస్తూ మీ చేత రాజీనామా రాయించుకోవడం ఉంటుంది, రెండూ ఒకటి కాదు. చివరి పనిదినం ఏది, బకాయి జీతం ఎప్పుడు, మిగిలిన సెలవులకు డబ్బు ఇస్తారా, అనుభవ పత్రం ఎప్పుడు, పీఎఫ్‌లో మానేసిన తేదీ ఎవరు ఎక్కిస్తారు, ఈ ఐదూ అడిగి రాసుకోండి. ఆ రోజు చేతులు వణికితే వణకనివ్వండి, ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని ఉంటే చదివితే చాలు. సాయంత్రం నేరుగా ఇంటికి పోండి, వార్త ఇంట్లోవాళ్లకు మీ నోటి నుంచే తెలియాలి. ముందే పేర్లు రాసి పెట్టుకున్న ఆ ముగ్గురికి మర్నాడు ఫోన్ చేయండి.

మంచి కబురైతే, ఖర్చుల లెక్క కాగితాన్ని చింపేయకుండా బీరువాలో పెట్టండి, వచ్చే మార్చికి పనికొస్తుంది. ఆలస్యమైన జీతం ఒకేసారి పడితే ముందు అప్పులు, కంతులు తీర్చండి. మీతో పాటు పని చేసి, ఈసారి జాబితాలో పేరు లేనివాళ్లు ఉంటారు. ఏం మాట్లాడాలో తెలియక వాళ్లకు ఫోన్ చేయడం మానేస్తాం. మానొద్దు, ఆ వారంలోనే చేయండి. "ఎలా ఉన్నావ్" అని అడిగి ఊరుకోకుండా, "మా బంధువు వాళ్ల ఆఫీసులో ఒకరు కావాలంటున్నారు, నీ బయోడేటా వాట్సాప్‌లో పెట్టు, నేను మాట్లాడతాను" అని చెప్పండి. అలాంటి ఖాళీ ఏదీ మీ ఎరుకలో లేకపోతే, పీఎఫ్ డబ్బు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు పక్కన కూర్చుని సాయం చేస్తానని అనండి.